ఆ రోజు బండి లేదు

హలో… ఫణీ?… ఆ, నేనేనమ్మా, మీ నాన్నని.

కట్ చెయ్యకు. తల్లీ, కట్ చెయ్యకు. రెండు నిమిషాలు.

… మహేశ్వరిది. మన పక్కింటి మహేశ్వరి ఫోను… మరేం చెయ్యను? నా నంబరు చూస్తే నువ్వు ఎత్తవు. పదకొండు నెలలు చూశాను. మోసమంటే మోసమే, ఒప్పుకుంటున్నాను.

లేదు లేదు, ఒంట్లో బాగానే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాటే ముందు చెప్పాల్సింది. రాయపూర్ నించి ఫోనొస్తే నీ గుండె ఎలాగుంటాదో నాకు తట్టలేదు చూడు.

…

ఆఫీసా, ఇల్లా?… ఇంట్లోనేనా. మంచిది. అల్లుడుగారు బాగున్నారా?… మీ మావగారు ప్రేమ్‌చంద్‌గారికి దగ్గు తగ్గిందా?… ఎవరు చెప్పారంటే… ఆయనే చెప్పారు. నెలకోసారి చేస్తుంటాను ఆయనకి. ఆయన హిందీలో దగ్గుతారు, నేను హిందీలో పరామర్శిస్తాను. నీ పేరు మాత్రం ఎత్తుకోం. ఆయన పెద్దమనిషి, నువ్వేం ఆయన మీద కోప్పడకు.

పని మీదే చేశాను. నాకు కొంచెం ఇన్ఫర్మేషన్ కావాలి.

మీ ఊరి గురించే. ఈ నెలాఖర్లో జోధ్‌పూర్ రావాలనుకుంటున్నాను.

…

… హలో?… ఉన్నావు కదా. సరే.

మాట పూర్తిగా విను. మీ ఇంటికని అనట్లేదు. ఊరు చూడ్డానికి. ఎక్కడెక్కడి నించో వొస్తారు కదా జనం, కోట చూడ్డానికి, ఇసక చూడ్డానికి. నేనూ అలాగే. ఒక టూరిస్టు ఫోన్ చేశాడనుకో. పేరు భీమారావు, రిటైర్డ్ రైల్వే గార్డు, వయసు అరవై ఆరు. ఏం తినాలి, ఎక్కడ నడవాలి, ఈ రెండే అడుగుతున్నాడు. చెప్తావా?

… థేంక్సమ్మా.

ఉండు, కళ్ళజోడు. పెన్ను… ఆ, దొరికింది. ఊఁ. రాసుకుంటున్నాను.

రైలు పాసు వొచ్చేసింది. నిన్ననే ఇచ్చారు. ఫారంలో చేతి అలవాటుకి 'సెల్ఫ్ అండ్ వైఫ్' అని రాసేశాను. కిటికీలో గుమాస్తా చూసి, ఏమీ అనకుండా ఒక గీత కొట్టి, "అంకుల్, ఇధర్ ఛోటా సైన్" అన్నాడు. చేశాను. మీ అమ్మని కొట్టేసినచోట నా సంతకం ఉంది ఇప్పుడు.

… లేదు, బాగానే ఉన్నాను. అడుగుతున్నాను విను. నంబర్ వన్, తిండి. శాకాహారం కావాలి.

అవును, నాకే… ఏటి, నవ్వొస్తోందా? నవ్వు, తప్పులేదు. ఆదివారమంటే చేపల మార్కెట్ అనేవాణ్ణి, నాకు నేనే నవ్వుకుంటున్నాను. మీ అమ్మ పోయినప్పటినించీ నీచు ముట్టలేదమ్మా. ఏడాది ముట్టననుకున్నాను. ఇప్పుడు ఏడాది నిండొస్తున్నా ముట్టాలనిపించట్లేదు. అది ఎంతవరకు నిలబడతాదో చెప్పలేను, ప్రస్తుతానికి అలాగుంది.

ఊఁ. సోజతీ గేటు… రాశాను. లోపల సందులో భోజనశాల. థాలీ. సరే… సెనగపిండి గట్టే కూర, కఢీ… జొన్నరొట్టా? కాదు, సజ్జ. సోగ్రా. సో-గ్రా. రాశాను… నెయ్యి వొద్దంటే వినరా? వినకపోతే వినకపోనీ.

కేర్ సాంగ్రీ అక్కడ బాగుంటాదా?… ఎందుకంటే, మీ అమ్మ మీ ఇంటి నించి వొచ్చేటప్పుడు ఒక పొట్లం పట్టుకొచ్చింది. ఎండబెట్టిన కాయలు, పుల్లల్లాటివి. రాత్రంతా నానబెట్టి, మజ్జిగలో కడిగి, పొద్దున్నే వండింది. నేను కంచంలో చూసి, "ఏటిది, గడ్డి పెడుతున్నావేటి" అన్నాను… అన్నాను. పక్కకి తోసి ఆవకాయ వేసుకున్నాను. తను ఒక్కతీ కూచుని తింది. మిగతా పొట్లం ఇంకా డబ్బాలో ఉంది ఫణీ. నాకు వండడం తెల్దు. మొన్న ఊరికే నీళ్ళలో ఉడకబెట్టుకున్నాను. గడ్డిలాగే ఉంది. నేను వండితే ఏదైనా గడ్డే అనుకో.

ఘంటాఘర్, అదే గడియారం స్తంభం, దాని దగ్గర మిర్చీ వడ… ఆ, అది విన్నాను. అందులో ఆలుగడ్డ కదమ్మా. ఆలుగడ్డ నేను తినట్లేదు.

… ఉల్లి కూడా లేదు. వెల్లుల్లి లేదు. దుంప ఏదీ లేదు. నెల దాటింది… ఇరవై తారీకు నించి. మొదట్లో ఓ వారం ఉల్లిపాయ లేకపోతే పప్పు గొంతు దిగలేదు. ఇంగువ వెయ్యమని మహేశ్వరి చెప్పింది. ఇప్పుడు ఫరవాలేదు. పొద్దు కూకితే తినడం కూడా మానేశాను. అయిదున్నరకల్లా గిన్నెలు కడిగేసుకుంటున్నాను. ఎనిమిదింటికి ఆకలేస్తాది, మంచినీళ్ళు తాగుతాను. అది కూడా కూడదేమో, మీవాళ్ళలో నీళ్ళ సంగతి నాకు సరిగ్గా తెల్దు.

… ఎందుకంటే?

ఊరికేనమ్మా. ఆరోగ్యానికి మంచిదని.

…

సరే, మీ ఇంటి పద్ధతే. జైనుల ఇంటి పద్ధతి అని తెలిసే చేస్తున్నాను. ఒకవేళ… ఒకవేళ ఎవరైనా ఒక పూట భోజనానికి ఉండమంటే, నా మూలంగా ఆ వంటింట్లో ఎవరికీ ఇబ్బంది కాకూడదని. ఎవరూ అనకపోయినా నష్టం లేదు. నేర్చుకున్నది ఎక్కడికి పోతాది.

నంబర్ టూ. నడక.

మీ అమ్మ రోజూ పొద్దున్న నడిచిన కొండ ఉంది చూడు. కోట కింద, రాళ్ళూ ఎడారి మొక్కలూ… ఆ, రాళ్ళ పార్కు. దాని దారి చెప్పు.

ఏడింటికి గేటు తీస్తారు. రాశాను… పసుపు గుర్తు దారే పట్టాలి. ఎందుకు, మిగతావి కష్టమా?… అదే తను ఎల్లిన దారా. అయితే అదే రాస్తున్నాను. నీళ్ళ సీసా, టోపీ. టోపీ ఉంది, తెల్లది… రాళ్ళు కోసుకుంటాయా. చెప్పుల్తో వొద్దు. ఊఁ.

బూట్లంటే గుర్తొచ్చింది. మీ అమ్మకి బూట్లున్నాయని నీకు తెలుసా?… నువ్వే కొన్నావా. నాకు తెల్దమ్మా. నలభై ఏళ్ళ కాపురం, ఆ మనిషికి గుడ్డ బూట్లున్నాయని నాకు తెల్దు. పెట్టె తీస్తే చీరల కింద కనపడ్డాయి. కట్టిన ముడి విప్పకుండానే దాచుకుంది. ఇక్కడెప్పుడూ తొడగలేదు. ఎందుకు తొడగలేదో కూడా తెలుసు నాకు. నేను వెక్కిరిస్తానని.

ఇక్కడ మన మేడ మీదకి బట్టలారెయ్యడానికి ఎల్లాలంటే రెండుచోట్ల ఆగేది. మోకాళ్ళు, మోకాళ్ళు అనేది. అక్కడ కొండెక్కిందంటే నేను నమ్మలేదు… పైదాకానా? రోజూ?… నిన్ను దాటిపోయి ముందు కూచునేదా. అదేటో చెప్పు. కొంచెం మెల్లగా చెప్పు.

… ఊఁ.

… ఊఁ… నీలం ఇళ్ళన్నీ కనపడతాయా అక్కణ్ణించి. బొమ్మలు తియ్యనిచ్చేది కాదా. అది మామూలే, పళ్ళు బాగోవని… పాడేదా? మీ అమ్మా? ఏం పాటలు?… తెలుగులోనే. అక్కడ ఎవరికీ అర్థం కాదని గట్టిగా పాడేదా.

ఆగమ్మా. ఒక్క నిమిషం ఆగు.

…

లేదు, పొలమారింది. అంతే.

ఇవన్నీ తను నాకు చెప్పింది ఫణీ. జనవరిలో తిరిగొచ్చాక రోజూ చెప్పేది. ఇక్కడ కూచుని నేను ఇలాగ ఎక్కాను, అలాగ దిగాను, రాయి కింద ఎర్రటి పువ్వు చూశాను అని. నేను టీవీ చూస్తూ ఊ కొట్టాను. మూడు నెలలు ఊ కొట్టాను. తను ఏప్రిల్లో ఎల్లిపోయింది. ఇప్పుడు ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా నేను అన్న ఊఁ గుర్తొస్తున్నాది గాని, తను అన్నది ఒక్క ముక్క గుర్తు లేదు. అందుకని వొస్తున్నాను. ఆ రాయెక్కి చూస్తే ఏదైనా ముక్క గుర్తొస్తాదేమోనని.

మోకాళ్ళకి ఢోకా లేదు. ప్రాక్టీసు చేస్తున్నాను… ఎక్కడంటే, స్టేషన్లో. పెద్ద ఫుట్ ఓవర్ బ్రిడ్జి. పొద్దున్న పదిసార్లు ఎక్కి దిగుతున్నాను. రాయపూర్లో ఇంకేం కొండలున్నాయమ్మా? ఆర్పీఎఫ్ జమేదారు మూడు రోజులు చూసి, నాలుగో రోజు, "దాదా, ఎవరినైనా వెతుకుతున్నారా" అని అడిగాడు. కొండెక్కాలి, అలవాటు చేసుకుంటున్నాను అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. పిచ్చాడనుకున్నాడేమో, ఇప్పుడు రోజూ సలాం కొడుతున్నాడు.

ఆదివారాలు బస్సెక్కి నయా రాయపూర్ ఎల్తున్నాను. ఎందుకంటే అక్కడ రోడ్లు చూడు, అంత వెడల్పు, మనిషన్నవాడు ఉండడు, ఎండ. ఎడారికి పనికొస్తాదని నాలుగు కిలోమీటర్లు నడిచి వొస్తున్నాను… నవ్వకు మరీ. సరే, నవ్వు.

ఇంకొక్కటుంది. దిగడం ఎక్కడ? వసతి.

… స్టేషన్ ఎదురుగా ధర్మశాల. రాశాను. మార్వాడీవాళ్ళదే, శుభ్రంగా ఉంటాది. ఫోన్ నంబరు చెప్పు… నాలుగు, ఏడు. ఊఁ. అక్కడ భోజనం కూడా పెడతారా. రెండు పూటలా… అయితే సోజతీ గేటు దాకా ఎల్లక్కర్లేదన్నమాట. అన్నీ ఒకే చోట దొరుకుతాయి. మంచి సదుపాయమే.

…

అక్కణ్ణించి మీ ఇల్లు ఎంత దూరమమ్మా?

… లేదు, ఊరికే. ఊరి మ్యాపు తెలుస్తాదని అడిగాను. వొద్దులే, చెప్పొద్దు. రాయను.

అన్నీ చెప్పావు. చాలా వివరంగా చెప్పావు. టూరిస్టునన్నాను గదా, టూరిస్టుకి చెప్పినట్టే చెప్పావు. నీ తప్పు లేదు, మాట నేనే అన్నాను. మీ అమ్మ అనేది, ఈయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అని. మూడే కాళ్ళని చెప్పుకుంటూ ఇక్కడిదాకా వొచ్చాను.

… ఆ?

… ఎందుకు చేశావు నిజంగా అంటే… చెప్తాను. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ ఎత్తుకోలేను.

ఆ గురువారం పొద్దున్న ఆరింటికి నీకు చేశాను. అమ్మ నిద్రలో పోయిందమ్మా అన్నాను. నువ్వు ఏడ్చావు. ఏడుస్తూనే, "నేనొస్తున్నాను నాన్నా, నేనొచ్చేదాకా ఉంచండి" అన్నావు. అన్నావు. నాకు వినపడింది. వినపడలేదని నేను ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు.

ఫోన్ పెట్టేసి లెక్కేశాను. కోటయ్య వొచ్చి కూచున్నాడు. అదే, నాతోపాటు పనిచేసిన కోటయ్య. "అమ్మాయి ఎప్పటికొస్తాది గార్డుగారూ" అన్నాడు. నేను టైమ్‌టేబులు కూడా తియ్యలేదు. నోటిలెక్క. ఆ రోజు జోధ్‌పూర్ నించి తిన్నగా వొచ్చే భగత్ కీ కోఠీ బండి లేదు. ఢిల్లీ మీంచి వొస్తే రాత్రికి అక్కడ ఎక్కి, పొద్దున్న ఢిల్లీలో దిగి, మళ్ళీ ఇంకో బండి… శనివారం పొద్దున్న. "శనివారం పొద్దున్నకి గాని రాదు" అని చెప్పాను. "పక్కా" అన్నాను. ఇంట్లో శవముంది. నేను పక్కా అన్నాను.

మన కాలనీ సంగతి నీకు తెలుసు. ఎవరి చుట్టం ఎప్పుడు దిగుతాడన్నా నన్నే అడుగుతారు. నేనొక టైము చెప్తే మరి ఫోన్ చేసి కనుక్కోరు, స్టేషన్‌కి ఎల్లిపోతారు. ఆ రోజు కూడా అలాగే నమ్మారు. ఏప్రిల్ ఎండ. శనివారం దాకా ఉంచలేం బాబూ అన్నారు. ఉంచలేం, నేనూ అన్నాను.

విమానం నాకు తట్టలేదు ఫణీ.

… నువ్వు నమ్మవు. నాకు తెలుసు నమ్మవని. తట్టి ఊరుకోడం కాదు, తట్టనేలేదు. మన ఇంట్లో పెళ్ళికైనా చావుకైనా అందరూ రైలు దిగే వొచ్చారు. మా నాన్న పోయాడంటే నేను గూడ్సు బండి బ్రేక్‌వేన్‌లో కూచుని పార్వతీపురం ఎల్లాను. మనిషి రావడమంటే బండి రావడమే, అదే నాకు తెలిసింది. నా కూతురు పెద్ద ఉద్యోగం చేస్తోంది, నెలకోసారి విమానాల్లో తిరుగుతోంది అని అందరికీ గొప్ప చెప్పుకుంటాను. ఆ పొద్దున్న ఆ మాట ఎక్కడికి పోయిందో తెల్దు.

"ఎలాగొస్తున్నావమ్మా" అని అడిగుంటే అయిపోయేది.

… అవును. రెండే ముక్కలు. పదకొండు నెలల్నించి ఆ రెండు ముక్కలూ అనుకుంటూనే ఉన్నాను. ఎవరూ లేనప్పుడు గట్టిగా కూడా అంటున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోడం.

… తెలుసు. ఏడుసార్లు చేశావు ఢిల్లీ నించి. ఫోను ఇంట్లో ఉండిపోయింది. తడి పంచెతో ఘాట్‌కి ఎల్లాను, ఫోను ఎవరు పట్టుకుంటారు? మహాదేవ్ ఘాట్‌లో మూడింటికి… నేనే నిప్పు పెట్టాను. ఇంటికొచ్చి, స్నానం చేసి, చూసుకుంటే ఏడున్నాయి. నేనేమనుకున్నానో చెప్పనా? రైలెక్కావేమో, బెర్తు దొరికిందని చెప్పడానికి చేశావేమో అనుకున్నాను.

అయిదున్నరకి మళ్ళీ మోగింది. "నాన్నా, దిగాను" అన్నావు. "ఎక్కడ దిగావమ్మా, ఏ స్టేషన్" అన్నాను.

…

అప్పుడు కూడా స్టేషనే అడిగాను.

… ఏడువు తల్లీ. నేను వింటున్నాను. ఎక్కడికీ ఎల్లను.

…

నువ్వు ఎయిర్‌పోర్టు నించి ఇంటికి రాలేదు, తిన్నగా ఘాట్‌కే ఎల్లావు. నేను ఆటోలో వొచ్చేసరికి ఆ వేడి దగ్గర కూచున్నావు. దగ్గరికొస్తే చెయ్యి అడ్డం పెట్టావు. మర్నాడు పొద్దున్నే ఎల్లిపోయావు. అలాగ ఎల్లిపోడం తప్పని కాలనీలో ఎవరో అన్నారు. నేను వాళ్ళతో దెబ్బలాడాను. అది చెయ్యడం తప్ప ఇంకేం మిగిలింది నాకు?

మూడు గంటలమ్మా. సిగ్నల్ ఇవ్వలేదని ఆరేసి గంటలు ఔటర్లో బండి ఆపుకుని కూచున్నవాణ్ణి నేను. ఎండలో, వానలో, అన్నం లేకుండా. ముప్పై మూడేళ్ళు చేసిన పనే ఆగడం. మీ అమ్మని పెట్టుకుని మూడు గంటలు ఆగలేకపోయాను.

నన్ను క్షమించమని అడగట్లేదు. అది నీ చేతిలో ఉన్నా నేను తీసుకోలేను. ఒక్కటే అడుగుతున్నాను. ఇందాక టూరిస్టునన్నాను గదా, అది అబద్ధం. మీ ఇంటికి రావాలనుంది. మీ అమ్మ నలభై రోజులు పడుకున్న గది ఒకసారి చూడాలి, మీ ఇంట్లో ఒక్క పూట తినాలి. ఉల్లి లేకుండా, ఉప్పు లేకుండా, ఏది పెడితే అది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మ ఎలాగూ లేదు, నిన్నే అడుగుతున్నాను. వొద్దంటే ధర్మశాల రాసుకున్నాను, అక్కడే ఉంటాను. నీకు కనపడను. కొండెక్కి, దిగి, వొచ్చేస్తాను.

…

…

ఉన్నావా?

… ఆలోచించుకో. ఇప్పుడే చెప్పక్కర్లేదు.

… బండా? శుక్రవారం భగత్ కీ కోఠీ బండి. రాయపూర్లో ఎక్కితే శనివారం రాత్రికి… ఏటి?

… వొద్దా.

సరేనమ్మా. వొద్దంటే వొద్దు. మరి నేను…

… రైల్లో వొద్దా? మరి ఎలాగ?

… ఫణీ, నేను ఎప్పుడూ ఎక్కలేదు తల్లీ. పాసు కూడా తీసేసుకున్నాను. నాకు ఆ లోపలికి ఎలాగెల్లాలో కూడా…

… వింటున్నాను. చెప్పు.

… నువ్వొచ్చినట్టే. నువ్వొచ్చిన దారినే.

ఊఁ. రాయపూర్ నించి పొద్దున్న ఢిల్లీ. ఢిల్లీలో దిగి… ఎంతసేపు?… మూడు గంటలా. తరవాత జోధ్‌పూర్‌ది. ఢిల్లీలో ఏం చెయ్యాలి ఆ మూడు గంటలూ?

… కూచోవాలా. ఊరికే?

… ఎక్కడ?… ఆ కిటికీల దగ్గర కుర్చీల్లో. నువ్వు కూచున్నచోట. సరే… నీకు ఫోన్ చెయ్యాలా.

… ఎన్నిసార్లు?

… చేస్తాను.

నువ్వు ఎత్తవు.

… లేదు, అర్థమైంది. అర్థమైందమ్మా. ఎత్తకు. ఏడుసార్లూ చేస్తాను, నువ్వు ఎత్తకు. అప్పటికి నాకు తెలుస్తాది.

… తరవాత?… ఎవరు, అల్లుడుగారా?… నువ్వే వొస్తావా ఎయిర్‌పోర్టుకి. నువ్వే.

… అన్నం సంగతి అప్పుడు చూద్దామా. చూద్దాం. చాలు తల్లీ. అది చాలు… లేదు, ఏడవట్లేదు. నెలాఖర్లో ఏ తారీకైనా ఫరవాలేదా. ఉండు, రాసుకోనీ, ఈ కాగితం మీద చోటు లేదు, వెనక్కి తిప్పుతున్నాను… హలో?… ఫణీ?

…

పెట్టేసింది.

ఇదిగోనమ్మా మహేశ్వరీ, నీ ఫోను… ఆ, ఎత్తింది. మాటాడింది… విమానం టిక్కెట్టు ఎక్కడ తీస్తారమ్మా? ఢిల్లీలో మూడు గంటలు ఆగేదే కావాలి. తక్కువ ఆగేది వొద్దు.